పది డిగ్రీల వాలు దగ్గర కలిసే రెండు చదువులు

(ప్రపంచ మృత్తికా దినోత్సవం సందర్భంగా పర్లాకిమిడిలో తెలుగు విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, తల్లిదండ్రులకు, విద్యార్థులకు నమస్కారం.

లోపలికి వస్తూ ఒకటి గమనించాను. ప్లస్‌టూలో సైన్సు తీసుకున్నవాళ్లంతా ఒక పక్క, ఆర్ట్స్ తీసుకున్నవాళ్లంతా ఇంకో పక్క కూర్చున్నారు. ఎవరి స్నేహితుల దగ్గర వాళ్లు కూర్చున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ మన చదువుల్లో ఈ గోడ ఎంత తొందరగా లేస్తుందో చూడండి. పదో తరగతి మార్కులు చేతికి వచ్చిన వారం లోపే ఇంట్లో తీర్పు అయిపోతుంది. లెక్కలు వచ్చిన పిల్లలు సైన్సు, మిగిలినవాళ్లు ఆర్ట్స్. ఆ తరువాత వ్యవసాయ కళాశాలలో మట్టి చదివే అమ్మాయికి గ్రామసభ అధికారం ఏమిటో ఎవరూ చెప్పరు. రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చేసే అబ్బాయి తన ఊరి మట్టి ఎందుకు ఎర్రగా ఉందో తెలుసుకోకుండానే పట్టా పుచ్చుకుంటాడు.

నేను మృత్తికా శాస్త్రం చదివి, అదే పాఠం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. నా శాస్త్రం మీద నాకు చాలా ప్రేమ. ఆ ప్రేమతోనే చెబుతున్నాను. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో, గట్టు దాటితే వచ్చే శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో పుట్టిన పిల్లలు మట్టి ఒక్కటే చదివితే చాలదు, రాజనీతి ఒక్కటే చదివినా చాలదు. ఇక్కడి కొండవాలు మీద నిలబడితే ఆ రెండూ ఒకే ప్రశ్నకు వచ్చి ఆగుతాయి. ఆ ప్రశ్న ఏమిటో చూపించడానికే వచ్చాను.

ఉమ్మడి కొరాపుట్ జిల్లాలో భూముల సర్వే, సెటిల్‌మెంట్ జరిగినప్పుడు ఒక కొలత పెట్టుకున్నారు. పది డిగ్రీలకు మించి వాలు ఉన్న కొండ భూమిని రైతు పేర రాయలేదు. అది ప్రభుత్వ భూమిగానే ఉండిపోయింది. పది డిగ్రీలు అంటే ఎంత? వంద అడుగులు అడ్డంగా వెళ్లేసరికి పదిహేడున్నర అడుగులు పైకి ఎక్కడం. ఈ కొండల్లో అది పెద్ద ఎత్తు కాదు. కందులు, చోళ్లు, సామలు, కొర్రలు పండే పోడు చాలా వరకు అంతకన్నా ఏటవాలుగానే ఉంటుంది. తాత ముత్తాతల నుంచి దున్నుకుంటున్న కుటుంబం ఆ ఒక్క కొలతతో కాగితం మీద ఆక్రమణదారు అయింది. కోణాన్ని కొలిచే పరికరానికి పక్షపాతం ఉండదు. పదో అంకె దగ్గర గీత గీయాలని నిర్ణయించినవాళ్లది మాత్రం రాజకీయ నిర్ణయమే.

ఇప్పుడు మట్టి శాస్త్రం ఏమంటుందో వినండి. వాన దెబ్బకు మట్టి ఎంత కొట్టుకుపోతుందో అంచనా వేయడానికి ప్రపంచమంతా వాడే ఒక సూత్రం ఉంది. అమెరికాలో విష్‌మయర్, స్మిత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిన్న చిన్న మడుల్లో ఏళ్ల తరబడి కొలిచిన లెక్కల నుంచి దాన్ని తయారు చేశారు. అందులో ఆరు అంశాలు ఉంటాయి. వాన తాకిడి, మట్టి ఎంత సులువుగా విడిపోతుంది అన్నది, వాలు పొడవు, వాలు నిటారుతనం, నేల మీద ఉన్న పచ్చదనం, రైతు చేసిన కట్టడి పనులు. ఆరింటినీ గుణిస్తే జవాబు వస్తుంది. గుణకారం కాబట్టి ఏ ఒక్కటి బాగా తగ్గినా మొత్తం తగ్గుతుంది. వాలు ఎంత నిటారుగా ఉన్నా, నేల నిండా పైరు ఉండి, రాతి గట్టు కట్టి ఉంటే మట్టి నిలుస్తుంది. చదునుకు దగ్గరగా ఉన్న నేలైనా పైరు లేకుండా, గట్టు లేకుండా వదిలేస్తే జ్యేష్ఠ మాసపు తొలి వానలకే పైపొర గెడ్డలోకి దిగిపోతుంది.

సెటిల్‌మెంట్ నియమం ఈ ఆరింటిలో ఒక్కదాన్ని మాత్రమే చూసింది. మిగిలిన అయిదు లెక్కలోకి రాలేదు. ఆ నియమం పెట్టిన గదిలో మట్టి తెలిసినవాడు ఒక్కడు ఉండి, గట్టిగా మాట్లాడి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మట్టి తెలిసినంత మాత్రాన గదిలో మాట చెల్లదు. చట్టం ఎలా తయారవుతుందో, ఎవరి సంతకంతో మారుతుందో తెలియాలి. మేము తరగతుల్లో ఆ సూత్రాన్ని పిల్లల చేత కంఠస్థం చేయించాం. అది ఏ కార్యాలయం గుమ్మం ముందు చెప్పవలసిన మాటో చెప్పలేదు.

గుమ్మ, సెరంగ, పుట్టాసింగి వైపు ఎప్పుడైనా వెళ్లారా? వెళ్లకపోతే ఈ సెలవుల్లో తప్పకుండా వెళ్లండి. లంజియా సవర తెగవాళ్లు కొండ కడుపులో మెట్లు మెట్లుగా కట్టుకున్న వరి మడులు అక్కడ కనిపిస్తాయి. ఒక గట్టు దగ్గర కూర్చుని చూడండి. అడుగున పెద్ద రాళ్లు, పైకి వచ్చేకొద్దీ చిన్నవి. రాయికీ రాయికీ మధ్య సున్నం లేదు, సిమెంటు లేదు. గట్టు ముఖం కొద్దిగా కొండ వైపు వాలి ఉంటుంది, అందువల్ల వెనుక ఉన్న తడి మట్టి బరువుకు బయటికి ఒరగదు. పై మడిలో ఎక్కువైన నీరు కింది మడిలోకి దిగడానికి దారి ఉంటుంది. ఆ నీరు నేరుగా మట్టి మీద పడితే గుంట పడుతుంది కదా, అందుకని పడే చోట రాయి పరిచి ఉంటుంది. మా పాఠ్యపుస్తకాల్లో మట్టి సంరక్షణ అధ్యాయంలో బొమ్మలు గీసి చెప్పే సంగతులన్నీ ఆ ఒక్క గట్టులో ఉన్నాయి. ఆరు అంశాల సూత్రంలో చివరిది ఇదే. సవర రైతు సూత్రం చదవలేదు, దాని ఫలితాన్ని తన కొండ మీద సాధించాడు.

రాజనీతి పిల్లలు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. 2005 డిసెంబరు 13 నాటికి అటవీ భూమిని సాగు చేసుకుంటున్న షెడ్యూల్డు తెగల కుటుంబానికి, వాస్తవంగా సాగులో ఉన్నంత మేరకు, నాలుగు హెక్టార్లు మించకుండా హక్కు గుర్తించాలని అది చెబుతుంది. హక్కు నిర్ణయించే పని గ్రామసభ దగ్గర మొదలవుతుంది. ఆ చట్టం కింద 2008లో వచ్చిన నియమాల్లో పదమూడోది సాక్ష్యాల గురించి. ప్రభుత్వ కాగితాలు సరే, అవి కాక ఇంకేం సాక్ష్యాలుగా చెల్లుతాయో అందులో రాశారు. ఇల్లు, గుడిసె, చదును చేసిన నేల, గట్లు, చెక్‌డ్యాములు కూడా సాక్ష్యమే. ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమే. ఒకటి కంటే ఎక్కువ సాక్ష్యాలు చూడాలి అంటుంది నియమం.

అంటే ఇందాక చెప్పిన రాతి గట్టు చట్టం ముందు నిలబడి మాట్లాడగలదు. అది ఎంత పాతదో ఎవరు చెప్పాలి? గట్టు వెనుక పేరుకున్న మట్టి ఎంత లోతు ఉంది, అందులో పొరలు ఎలా ఏర్పడ్డాయి, పక్కన దున్నని కొండ మట్టికీ ఈ మడి మట్టికీ రంగులో, సేంద్రియ కర్బనంలో తేడా ఎంత అన్నది చూసి, ఇది నిన్న మొన్న చదును చేసిన నేల కాదని మట్టి చదివిన పిల్ల చెప్పగలదు. ఆ మాటను హక్కు పత్రం కోసం పెట్టే దరఖాస్తులో ఎక్కడ, ఏ రూపంలో చేర్చాలో రాజనీతి చదివిన పిల్లవాడు చెప్పగలడు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు అయి ఉండి, పదో తరగతి తరువాత మళ్లీ ఎప్పుడూ చదువుల గురించి మాట్లాడుకోకపోతే ఆ కుటుంబం దరఖాస్తులో ఒక గడి ఖాళీగా ఉండిపోతుంది.

గడి అన్నాను కాబట్టి ఇంకో గడి గురించి చెబుతాను. భూసార పరీక్ష తెలుసు కదా. కేంద్ర ప్రభుత్వం 2015 ఫిబ్రవరి 19న భూసార కార్డుల పథకం మొదలుపెట్టింది. కార్డులో 12 అంశాలు ఉంటాయి. నేల పులుపు తెలిపే ఉదజని సూచిక (పి.హెచ్.), లవణాల శాతం తెలిపే విద్యుత్ వాహకత, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, ఆపై జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. మట్టి నమూనా తీయడం పెద్ద విద్య కాదు, కానీ ఓపిక కావాలి. పొలంలో అడ్డదిడ్డంగా నడుస్తూ ఎనిమిది, పది చోట్ల తీయాలి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప పోసిన చోట తీయకూడదు. పైనున్న చెత్త తుడిచి, పారతో ఆంగ్ల అక్షరం వి ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తీసి, ఆ గుంట గోడ నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందంలో ఒక పలక గీసుకోవాలి. అన్నీ ఒక గోనెపట్టా మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేయాలి. మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ నాలుగు భాగాలు. అలా అరకిలో మిగిలేదాకా. తరువాత నీడన ఆరబెట్టాలి, ఎండలో కాదు.

ఇంత శ్రద్ధగా తీసిన అరకిలో మట్టి సంచిలోకి ఒక చీటీ వెళుతుంది. రైతు పేరు, ఊరు, వేయబోయే పైరు, సర్వే నంబరు. పట్టా లేని పోడు రైతు ఆ చివరి గడిలో ఏం రాయాలి? ఆ గడి దగ్గర పెన్ను ఆగిపోవడం నేను చాలా ఊళ్లలో చూశాను. మట్టికి 12 పరీక్షలు చేయగల ప్రయోగశాల ఉంది. ఆ మట్టి ఎవరిదో చెప్పగల కాగితం లేదు. నా శాస్త్రం ఒంటరిగా ఎంత దూరం వెళ్లగలదో ఆ చీటీ చెబుతుంది.

ఇక మన మట్టి పులుపు సంగతి. ఒడిశా సాగుభూమిలో దాదాపు 70 శాతం ఆమ్ల నేలలు. వానలు ఎక్కువ, రాళ్లు పాతవి. వేల ఏళ్లుగా వాననీరు కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం లాంటి క్షారాలను కడిగి కిందికి తీసుకుపోయింది. మిగిలింది ఇనుము, అల్యూమినియం. ఎర్రరంగు ఆ ఇనుప ఆక్సైడుది. ఉదజని సూచిక 5.5 కంటే దిగితే అల్యూమినియం కరిగి వేళ్ల కొసలను మాడ్చేస్తుంది. మీరు వేసిన భాస్వరం ఎరువును ఇనుము, అల్యూమినియం పట్టుకుని మొక్కకు అందనివ్వవు. రైతు డబ్బు పెట్టి డి.ఎ.పి. బస్తా కొని పొలంలో పోస్తాడు, మొక్క ఆకలితోనే ఉంటుంది.

మందు సున్నం. మన రాయగడ దగ్గర కాగితపు మిల్లు ఉంది. కాగితపు మిల్లు నుంచి వచ్చే సున్నపు మడ్డిలో కాల్షియం కార్బొనేటు ఉంటుంది. దాన్ని ఆమ్ల నేలలకు వేయవచ్చని ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏనాడో సిఫారసు చేసింది. వేరుశనగ, కంది, మొక్కజొన్న పొలాల్లో వేసి మేలు చూసిన రైతులు ఉన్నారు.

మరి అందరూ ఎందుకు వేయడం లేదు? ఇక్కడ రసాయనశాస్త్రం ఆగిపోతుంది, రాజనీతి మొదలవుతుంది. 2010 ఏప్రిల్ నుంచి భాస్వరం, పొటాష్ ఎరువులకు పోషకాల ఆధారంగా సబ్సిడీ ఇస్తున్నారు. యూరియాను ఆ పద్ధతిలోకి తేలేదు, దాని ధరను ప్రభుత్వమే కట్టడి చేస్తూ వచ్చింది. కాబట్టి దుకాణంలో అన్నిటికంటే చవకగా దొరికేది యూరియా. ఆ యూరియా నేలలో అమ్మోనియంగా, తరువాత నైట్రేటుగా మారేటప్పుడు ఆమ్లాన్ని వదులుతుంది. అంటే అసలే పుల్లగా ఉన్న నేలలో ఇంకా పులుపు పెంచే వస్తువు చవకగా గుమ్మం దాకా వస్తుంది. పులుపు విరిచే సున్నం బరువైన సరుకు, బండి కిరాయి పెట్టుకుని తెచ్చుకోవాలి. కొండ మీది రైతుకు ఆ కిరాయే మందు ధర కంటే ఎక్కువ. ఈ సంగతి భూసార కార్డులో ఉండదు. బడ్జెట్టు పత్రాల్లో ఉంటుంది. బడ్జెట్టు చదవడం ఎక్కడ నేర్పుతారు? రాజనీతి, ప్రభుత్వ పాలన తరగతుల్లో. కానీ అక్కడ ఆమ్ల నేల అన్న మాట ఒక్కసారి కూడా వినిపించదు.

ఇప్పుడు కొండ పైకి వెళదాం. తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే రాయి ఉంది. కలహండి ప్రాంతపు రాళ్లను అధ్యయనం చేసిన భూగర్భ శాస్త్రవేత్త వాకర్ 20వ శతాబ్దం తొలినాళ్లలో ఇక్కడి కోందు తెగ పేరు మీద దానికి ఆ పేరు పెట్టాడు. కోణార్క ఆలయం కట్టింది ఎక్కువగా ఆ రాతితోనే. నేను ఇందాక చెప్పిన కడుగుడు, క్షారాలు పోయి ఇనుము, అల్యూమినియం మిగలడం, ఆ రాతి మీద కొండ శిఖరాల చదునులో లక్షల ఏళ్లు సాగితే చివరికి అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్ మిగులుతుంది. కింద మడిలో మన కంది వేళ్లను మాడ్చే అల్యూమినియం, పైన శిఖరం మీద గనిలో తవ్వే అల్యూమినియం ఒకే ప్రక్రియ నుంచి వచ్చాయి. 1981లో ఏర్పడిన ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కో, కొరాపుట్ జిల్లాలోని పంచపట్మలి కొండ మీద తవ్వి దామన్‌జోడిలో శుద్ధి చేస్తున్నది ఈ ఖనిజాన్నే.

నియమగిరి కొండల పేరు మీరు వినే ఉంటారు. అక్కడి బాక్సైట్ తవ్వకం విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తవ్వకం వల్ల ఆ కొండల మీద ఉండే డోంగ్రియా కోందుల మత, సాంస్కృతిక హక్కులకు భంగం కలుగుతుందా లేదా అన్నది గ్రామసభలు తేల్చాలని చెప్పింది. రాయగడ జిల్లాలో ఏడు, కలహండి జిల్లాలో అయిదు, మొత్తం 12 పల్లెల్లో జిల్లా న్యాయమూర్తి స్థాయి పరిశీలకుడి సమక్షంలో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ఆ పల్లెలు చాలా చిన్నవి, చేతివేళ్లతో లెక్కపెట్టగలిగినన్ని ఇళ్లు ఉన్నవీ వాటిలో ఉన్నాయి. ఆ సభల్లో లేచి మాట్లాడినవాళ్లు దేవుడి గురించి ఎంత చెప్పారో, కొండ మీద పుట్టే నీటి గురించి, తోటల గురించి అంత చెప్పారు. బాక్సైట్ పొర సన్నని రంధ్రాలతో నిండి ఉంటుంది, వాన నీటిని లోపల పట్టుకుని ఎండాకాలంలోనూ మెల్లగా ఊటలకు వదులుతుంది. ఇది మట్టి శాస్త్రం, జల శాస్త్రం చెప్పే మాట. కొండవాళ్లు తమ మాటల్లో అదే చెప్పారు. భారత ప్రజాస్వామ్యంలో ప్రత్యక్షంగా ప్రజలే నిర్ణయం చెప్పిన సందర్భాల్లో ఇంత స్పష్టమైనవి అరుదు. అది జరిగింది మన పొరుగు కొండల్లోనే. మన రాజనీతి తరగతుల్లో ప్రత్యక్ష ప్రజాస్వామ్యం అనగానే స్విట్జర్లాండ్ ఉదాహరణ చెబుతారు. చెప్పండి, తప్పులేదు. ముందు నియమగిరి చెప్పండి అని అధ్యాపక మిత్రులను వేడుకుంటున్నాను.

జాన్ లాక్ పేరు ఆర్ట్స్ పిల్లలకు తెలుస్తుంది. 17వ శతాబ్దపు ఇంగ్లండ్ తత్త్వవేత్త. మనిషి తన శ్రమను నేలతో కలిపితే ఆ నేల అతని ఆస్తి అవుతుందని వాదించాడు. బాగుంది. మరి పోడు రైతు కొన్నాళ్లు దున్ని, మట్టి మళ్లీ కోలుకోవడానికి కొన్నేళ్లు బీడు వదిలితే? వలస పాలకులు ఆ బీడును ఎవరి శ్రమా లేని ఖాళీ భూమిగా చూశారు. మట్టి చదివినవాడికి తెలుసు, ఆ బీడు కాలం కూడా వ్యవసాయంలో భాగమే. ఆకు రాలి, కుళ్లి, కర్బనం మళ్లీ చేరే కాలం అది. బీడు వదిలే ఏళ్లు తగ్గిపోతే నేల చితికిపోతుంది. ఇప్పుడు చాలా కొండల మీద జరుగుతున్నది అదే, దాన్ని నేను దాచను. పోడు అంతా మంచిదే అని పాడటానికి నేను రాలేదు. బీడు ఏళ్లు ఎందుకు తగ్గాయి అని అడగండి. జనం పెరగడం ఒక కారణం. పోడుకు దొరికే నేల చట్టాలతో, తోటలతో, జలాశయాలతో కుంచించుకుపోవడం ఇంకో కారణం.

సరిహద్దు గురించి రెండు మాటలు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ పర్లాకిమిడి అందులో చేరింది. ఏటి అవతలి పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. గీతకు ఇటూ అటూ ఉన్నది ఒకే ఎర్ర గరప నేల. గిరిజన ప్రాంతాల భూమి బదిలీ చట్టాలు మాత్రం వేరు. అటు 1970లో వచ్చిన ఒకటో నంబరు నిబంధన, ఇటు 1956 నాటి రెండో నంబరు నిబంధన. రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న కొఠియా పల్లెల వివాదం 1968లో సుప్రీంకోర్టుకు వెళ్లింది, అక్కడివాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఓటు వేస్తున్నారు. కలహండి కొండల్లో పుట్టిన వంశధార గుణుపురం, కాశీనగరం మీదుగా వెళ్లి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నీటి పంపకం కోసం 2010లో ట్రిబ్యునల్ వేశారు. నీటి వాటా లెక్క వేసుకున్నారు గానీ, ఆ నీటితో పాటు ఏటా దిగిపోతున్న మన కొండ మట్టి లెక్క ఏ ట్రిబ్యునల్ ముందూ లేదు. ఒక సెంటీమీటరు మట్టి తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది. ఆ లెక్క అడిగేవాళ్లు మీలో నుంచి రావాలి.

ఇలా గీత దాటి చదివినవారు మన ఊళ్లో లేకపోలేదు. గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలో చరిత్ర పాఠం చెప్పే ఉపాధ్యాయుడు. ఆయన ఉద్యోగానికి సవర భాషతో పనిలేదు. అయినా కొండలెక్కి నేర్చుకున్నారు, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు, సవర పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పించారు. తన సబ్జెక్టు కాదు అని ఆయన అనుకోలేదు.

కోర్సుల సంగతి క్లుప్తంగా చెబుతాను, తల్లిదండ్రులు అడుగుతున్నారు. మట్టి చదవాలంటే దారి బి.ఎస్సీ. వ్యవసాయం, నాలుగేళ్లు. ప్లస్‌టూలో సైన్సు ఉండాలి. ఒడిశాలో భువనేశ్వర్, చిప్లిమ, భవానీపట్న కళాశాలలు, అటు వైపు దగ్గరగా శ్రీకాకుళం జిల్లా నైరలో కళాశాల ఉన్నాయి. ఏ రాష్ట్రంలో స్థానికులుగా లెక్కలోకి వస్తారో ముందే చూసుకోండి, సరిహద్దు పిల్లలు ఇక్కడే చిక్కుల్లో పడతారు. ఆ డిగ్రీలో మృత్తికా శాస్త్రం కొన్ని పేపర్లే. చివరి సంవత్సరంలో విద్యార్థులు పల్లెలో ఉండి పని నేర్చుకోవాలి, ఆ కాలాన్ని వృథా చేయకండి, గ్రామసభ జరిగితే వెళ్లి కూర్చోండి. ఆ తరువాత ఎం.ఎస్సీ.లో మట్టి భౌతిక, రసాయన, జీవ లక్షణాలు, సర్వే, వర్గీకరణ లోతుగా వస్తాయి. రాజనీతికి బరంపురం విశ్వవిద్యాలయం దగ్గర, ఆంధ్రా విశ్వవిద్యాలయం కాస్త దూరం. అక్కడ చేరేవాళ్లు స్థానిక పాలన, గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు ఉన్న పేపర్లను ఎంచుకోండి. మన గజపతి జిల్లాలో గుమ్మ, రాయగడ బ్లాకులు, ఆర్. ఉదయగిరి తహసీలు ఆ షెడ్యూలులోనివే, కొరాపుట్, రాయగడ జిల్లాలు పూర్తిగా దాని కిందికి వస్తాయి. సివిల్ సర్వీసులకు వెళ్లదలచినవాళ్లకు వ్యవసాయం, రాజనీతి రెండూ ఐచ్ఛికాంశాల జాబితాలో ఉన్నాయి. మట్టి సంరక్షణ శాఖలో, పరీక్షా ప్రయోగశాలల్లో, వాటర్‌షెడ్ పనుల్లో, బ్యాంకుల వ్యవసాయ విభాగాల్లో ఉద్యోగాలు ఉంటాయి.

ఆ వెనుక నుంచి అమ్మాయి అడిగింది. ‘సార్, నేను ఆర్ట్స్. మట్టి చదవడం ఇక కుదరదా?’ అని. బి.ఎస్సీ. వ్యవసాయంలో చేరడం కుదరదమ్మా, ఆ మాట నీకు తీపిగా చెప్పలేను. కానీ డిగ్రీలో భూగోళం తీసుకుంటే మట్టి, వాతావరణం, భూరూపాలు వస్తాయి. ఇప్పుడు నాలుగేళ్ల డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుతో పాటు ఇంకోటి చిన్న సబ్జెక్టుగా ఎంచుకునే వీలు ఉంది. నీ కళాశాలలో ఏవి ఇస్తున్నారో ప్రిన్సిపాల్ గారిని అడుగు. రాజనీతి ప్రధానంగా, భూగోళం పక్కన పెట్టుకో. కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్‌లో నడిపే ‘స్వయం’ వేదికలో మట్టి మీద ఉచిత పాఠాలు ఉంటాయి, అవి విను.

ఇక ఈ రోజు చేయగలిగింది ఒకటి ఉంది. మీ అందరి దగ్గరా జ్యామితి పెట్టెలో కోణమానిని ఉంటుంది. దాని మధ్య రంధ్రానికి దారం కట్టి, కొసకు చిన్న రాయి కట్టండి. తిన్నటి అంచును కంటికి ఆనించి వాలు వెంబడి చూస్తే, దారం 90 నుంచి ఎంత జరిగిందో అదే వాలు కోణం. సైన్సు పిల్ల ఒకరు, ఆర్ట్స్ పిల్లవాడు ఒకరు చొప్పున జతలుగా ఏర్పడండి. మీ ఊరి కొండ మీద సాగులో ఉన్న నేల ఎన్ని డిగ్రీలో కొలవండి, గట్టు ఉందో లేదో రాయండి, ఆ రైతు దగ్గర ఏ కాగితం ఉందో అడిగి రాయండి. రాసుకోవడానికి కాగితాలు ఆ బల్ల మీద ఉన్నాయి. కోణమానినికి దారం ఎలా కట్టాలో బయట మెట్ల దగ్గర చూపిస్తాను, రండి.